ఒక్క చిన్న ఫ్లాష్‌తో ఫొటో బాగా రావాలంటే

ఫ్లాష్ కొన్న మొదటి వారంలో దాదాపు అందరం ఒకే పని చేస్తాం. కెమెరా నెత్తిన బిగిస్తాం, ఎదురుగా ఉన్న మనిషి ముఖానికి సూటిగా గురిపెడతాం, నొక్కేస్తాం. ఫొటోలో ముఖం పిండి పూసినట్టు తెల్లగా, నుదుటి మీద జిడ్డు మెరుపు, వెనక గోడ మీద కత్తిరించి అతికించినట్టు నల్లటి నీడ. "ఫ్లాష్ వేస్తే ఫొటో పాడైపోతుంది" అని తీర్మానించేసి దాన్ని బ్యాగు అడుగున పడేస్తాం. నేనైతే దాదాపు ఏడాది పాటు దాని మొహం చూడలేదు.

తీరా తెలిసిందేమిటంటే, ఫ్లాష్ ఎక్కడ కూర్చుందన్న దగ్గరే తంటా అంతా ఉంది. వెలుగు లెన్స్ పక్క నుంచే వస్తే నీడలన్నీ మనిషి వెనక్కి పోయి దాక్కుంటాయి. ముక్కు, చెంప, దవడ ఎత్తుగా ఉన్నాయని మన కంటికి చెప్పేవి ఆ నీడలే కాబట్టి, అవి పోతే ముఖం పలక లాగా చదునైపోతుంది. అదే ఫ్లాష్‌ని రెండడుగులు పక్కకి జరిపి చూడండి, ముఖానికి ఆకారం వచ్చేస్తుంది. కింద చెప్పేవన్నీ ఆ జరపడం గురించే. వరసగా చేయండి. ఒక సాయంత్రం, ఒక గది, విసుక్కోకుండా కుర్చీలో కూర్చునే ఒక మనిషి ఉంటే చాలు. మనిషి దొరక్కపోతే పెద్ద బొమ్మని కూర్చోబెట్టినా పని జరుగుతుంది. బొమ్మ కళ్లు మూయదు కూడా.

ముందు చేతిలో ఉన్నదేమిటో చూసుకోండి

ఫ్లాష్‌లో తప్పకుండా ఉండాల్సినవి రెండు. తల పైకీ పక్కలకీ తిరగాలి. పవర్‌ని మనంతట మనం 1/1 నుంచి 1/64 దాకానో 1/128 దాకానో తగ్గించుకునే వీలుండాలి. టీటీఎల్ ఉంటే మంచిదే, లేకపోయినా నేర్చుకోవడానికి అడ్డేమీ కాదు. టీటీఎల్‌లో ఫ్లాష్ ముందొక చిన్న మెరుపు వేస్తుంది, కెమెరా దాన్ని కొలిచి అసలు మెరుపు ఎంత ఉండాలో తేలుస్తుంది. మనుషులు అటూ ఇటూ కదిలే చోట అది నిజంగా కాపాడుతుంది. కానీ నల్ల చొక్కా మనిషి పక్కకి తెల్ల చొక్కా మనిషి రాగానే దాని లెక్క మారిపోతుంది, ఎందుకు మారిందో మనకి అర్థం కాదు. అందుకే నేర్చుకునే రోజుల్లో మాన్యువల్‌లోనే ఉండండి. పవర్ 1/8 అని పెడితే ప్రతిసారీ 1/8 వస్తుంది, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో దొరుకుతుంది.

పెట్టె మీద గైడ్ నంబర్ అని, ఫ్లాష్ బలం చెప్పే ఒక అంకె ఉంటుంది. ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని పట్టుకునే చురుకుదనం) 100 దగ్గర, ఫుల్ పవర్‌లో, ఆ అంకెని మీటర్లలో దూరంతో భాగిస్తే పెట్టాల్సిన ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర, ఎఫ్ అంకెల్లో) వస్తుంది. గైడ్ నంబర్ 40 అయితే 5 మీటర్ల దూరానికి ఎఫ్ 8. పవర్ నాలుగో వంతుకి తగ్గిస్తే ఆ అంకె సగమవుతుంది, ఐఎస్‌ఓ 400కి పెంచితే రెట్టింపవుతుంది. ఒక్క తిరకాసుంది. కంపెనీలు ఈ అంకెని తల బాగా జూమ్ అయినప్పుడు, అంటే వెలుగుని ఇరుకుగా పోగేసినప్పుడు, కొలిచి చెబుతాయి. కానన్ 600ఇఎక్స్-ఆర్‌టీకి 60 అంటున్నారంటే అది 200 ఎంఎం జూమ్ దగ్గరి మాట. 35 ఎంఎంకి వచ్చేసరికి అదే ఫ్లాష్ 36కి దిగుతుంది. రెండు ఫ్లాష్‌లు పోల్చేటప్పుడు ఏ జూమ్ దగ్గరి అంకెలో చూడకుండా మోసపోకండి.

ఇక సెల్స్. ఆల్కలైన్ సెల్ మీద 1.5 వోల్టులు, రీచార్జబుల్ సెల్ మీద 1.2 వోల్టులు అని ఉండడం చూసి మొదటిదే బలమైనదనుకుంటాం. ఫ్లాష్ ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. ఆ ధాటికి ఆల్కలైన్ సెల్ వోల్టేజ్ కుంగిపోతుంది, ఎనెలూప్ లాంటి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ నిలబడుతుంది. అందుకే ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య ఆగాల్సిన సమయం రీచార్జబుల్ సెల్స్‌తో చాలా తక్కువ. నాలుగేసి సెల్స్‌ని ఒక జట్టుగా పెట్టుకుని మార్కర్‌తో 1, 1, 1, 1 అనీ, 2, 2, 2, 2 అనీ రాయండి. ఎప్పుడూ ఆ జట్టు ఆ జట్టుగానే చార్జ్ చేయండి. మూడు కొత్తవి, ఒకటి పాతది కలిపితే ఆ పాతదే మిగతా మూడింటి పరువూ తీస్తుంది.

మొదటి అడుగు: గదిని చీకటి చేయండి, లైటు ఆర్పకుండా

ఈ అడుగు దాటేయాలనిపిస్తుంది. దాటేయకండి, ఫ్లాష్ గుట్టంతా ఇక్కడే ఉంది.

గదిలో మామూలు లైటు వెలుగుతూనే ఉండనివ్వండి. కెమెరాని మాన్యువల్‌లో పెట్టి ఐఎస్‌ఓ 400, షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) 1/200 సెకను, ఎపర్చర్ ఎఫ్ 5.6 పెట్టండి. ఆటో ఐఎస్‌ఓ ఉంటే తీసేయండి. ఫ్లాష్ వేయకుండా ఒక ఫొటో తీయండి. తెర దాదాపు నల్లగా వస్తుంది. కంటికి అంత వెలుగున్న గది కెమెరాకి అర్ధరాత్రి అయిపోయింది. ఇప్పుడు ఏ వెలుగు కనిపించినా అది మీ ఫ్లాష్ వేసిందే.

ఫ్లాష్‌ని కెమెరా మీదే ఉంచి, తలని సూటిగా ముందుకి పెట్టి, పవర్ 1/32తో రెండు మీటర్ల దూరం నుంచి ఒకటి తీయండి. పిండి ముఖం వస్తుంది, రానివ్వండి. ఇప్పుడు ఎపర్చర్, పవర్, ఐఎస్‌ఓ ఏవీ ముట్టుకోకుండా షట్టర్ ఒక్కటే 1/60కి, తర్వాత 1/15కి దించుతూ తీయండి. మూడు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే మనిషి ముఖం మీద వెలుగు ఇంచుమించు మారలేదు. వెనక గోడ మాత్రం నలుపు నుంచి మసకకి, మసక నుంచి వెచ్చటి పసుపుకి వచ్చింది. ఫ్లాష్ మెరుపు సెకనులో కొన్ని వందల వంతో, వేల వంతో ఉంటుంది. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచినా ఆ మెరుపు పెరగదు. గది లైటు మాత్రం తెరిచి ఉన్నంతసేపూ కారుతూనే ఉంటుంది.

అంటే ఒక్క ఫొటోలో రెండు ఎక్స్‌పోజర్లున్నాయి. గది వెలుగుని షట్టర్‌తో తిప్పుతారు, ఫ్లాష్ వెలుగుని పవర్‌తో తిప్పుతారు. ఎపర్చర్, ఐఎస్‌ఓ రెండింటినీ కలిపి మారుస్తాయి. ఇది ఒక్కసారి వేళ్లకి ఎక్కితే, చీకటి బావిలో నిలబడ్డట్టుండే ఫ్లాష్ ఫొటోలు మీ కెమెరాలోంచి రావడం మానేస్తాయి. వెనక చీకటిగా ఉందా? షట్టర్ నిదానం చేయండి. ముఖం మండిపోతోందా? పవర్ ఒక మెట్టు, అంటే సగానికి, దించండి.

షట్టర్‌ని ఇంకో వైపు, అంటే 1/200 నుంచి 1/500కి పెంచి చూస్తే కెమెరా ఒప్పుకోదు, లేదా ఫొటోలో ఒక అంచున నల్లటి పట్టీ వస్తుంది. షట్టర్‌కి రెండు తెరలుంటాయి. రెండు తెరలూ ఒకేసారి పూర్తిగా తొలగి ఉండగలిగే అత్యంత వేగాన్ని సింక్ స్పీడ్ అంటారు. అది దాటితే మొదటి తెర పూర్తిగా తెరుచుకునేలోపే రెండోది మూతపడడం మొదలుపెడుతుంది. మెరుపు పడిన క్షణంలో రెండో తెర అడ్డున్న మేరా నల్లగా ఉంటుంది. చాలా కెమెరాల సింక్ స్పీడ్ 1/200, 1/250 ప్రాంతంలో ఉంటుంది. చౌక రేడియో ట్రిగ్గర్ (కెమెరాకి దూరంగా ఉన్న ఫ్లాష్‌ని మెరిపించే పరికరం) వాడితే మెరుపు కాస్త ఆలస్యంగా పడి 1/200 దగ్గరే పట్టీ కనిపించవచ్చు, అప్పుడు 1/160కి దిగండి.

రెండో అడుగు: గోడని దీపం చేయండి

ఇప్పుడు ఫ్లాష్ కెమెరా మీదే ఉంటుంది, తల మాత్రం మనిషి వైపు చూడదు.

చాలామంది తలని నేరుగా పైకప్పు వైపు తిప్పి ఊరుకుంటారు. సూటిగా కొట్టడం కన్నా నయమే. కానీ వెలుగంతా నెత్తి మీద నుంచి పడితే కనుగుంటల్లో నీడ నిండి, మనిషి మూడు రోజులు నిద్ర లేనట్టు కనిపిస్తాడు. నా మాట విని పైకప్పుని కాసేపు మర్చిపోండి. తలని మీ ఎడమ భుజం మీదుగా, కాస్త వెనక్కి, పక్క గోడ వైపు తిప్పండి. మెరుపు ఆ గోడ మీద పడి, అక్కడ మంచం అంత వెడల్పున పరుచుకుని, మనిషి వైపు తిరిగొస్తుంది. ఆ మనిషికి అటు పక్కన ఒక పెద్ద కిటికీ తెరిచినట్టే. వెలుగు పుట్టే చోటు ఎంత పెద్దదైతే నీడ అంచు అంత మెత్తగా ఉంటుంది. అరచేతి అంత ఫ్లాష్ గోడని వాడుకుని గోడంత అవుతుంది.

దారి పొడుగైంది, గోడ కొంత మింగేసింది కాబట్టి 1/32 సరిపోదు. 1/4 దగ్గర మొదలుపెట్టి చూడండి. అయినా చాలకపోతే ఫుల్ పవర్‌కి వెళ్లే బదులు ఐఎస్‌ఓని 800 చేయండి. ఫ్లాష్ ఊపిరి పీల్చుకుంటుంది, సెల్స్ ఎక్కువసేపు వస్తాయి.

తల పక్కకి తిప్పినా దాని వెలుగులో కొంత నేరుగా మనిషి మీదికి తప్పించుకుంటుంది. దాన్ని ఆపడానికి అరచేయంత నల్ల ఫోమ్ షీట్ ముక్కని రబ్బరు బ్యాండుతో తలకి, మనిషి ఉన్న వైపు కట్టండి. నా బ్యాగులో అన్నిటికన్నా చౌకైనదీ, అన్నిటికన్నా ఎక్కువ వాడేదీ అదే.

గోడ రంగు చూసుకోవడం మర్చిపోకండి. ఆకుపచ్చ గోడకి కొడితే ముఖం మీద ఆకుపచ్చ వస్తుంది, ఎడిటింగ్‌లో కూడా ఒక పట్టాన పోదు. చుట్టూ అన్నీ రంగు గోడలే అయితే తెల్లటి థర్మాకోల్ షీటో, దుప్పటో ఎవరినైనా పట్టుకోమని దానికే కొట్టండి.

ఇక్కడే ఫ్లాష్ తలకి తొడిగే తెల్ల ప్లాస్టిక్ డోమ్ డిఫ్యూజర్ గురించి ఒక మాట. చిన్న తెల్ల గదిలో అది వెలుగుని నాలుగు గోడలకీ చల్లి కాస్త పనికొస్తుంది. ఆరుబయట పెట్టుకుని తిరిగేవాళ్లని చూస్తే జాలేస్తుంది. తిరిగి పంపడానికి గోడలే లేని చోట అది సగానికి పైగా వెలుగుని గాల్లో కలిపేస్తుంది. నీడ మాత్రం మెత్తబడదు, ఎందుకంటే డోమ్ సైజు ఫ్లాష్ తల కన్నా అంత పెద్దదేమీ కాదు.

మూడో అడుగు: ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించండి

దీనికి కావలసినవి ఒక రేడియో ట్రిగ్గర్, ఒక లైట్ స్టాండ్, ఫ్లాష్‌నీ అంబ్రెల్లానీ కలిపి పట్టుకునే బ్రాకెట్, ఒక తెల్ల అంబ్రెల్లా. ట్రిగ్గర్‌లో రెండు ముక్కలుంటాయి: ట్రాన్స్‌మిటర్ కెమెరా నెత్తిన ఫ్లాష్ బిగించే హాట్ షూలో, రిసీవర్ ఫ్లాష్ కింద. కొన్ని ఫ్లాష్‌లలో రిసీవర్ లోపలే ఉంటుంది. రెండూ ఒకే చానల్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకసారి ఒక కార్యక్రమంలో నా ఫ్లాష్ నేను నొక్కకుండానే టపటపా మెరుస్తుంటే దయ్యం పట్టిందనుకున్నాను. హాలుకి అటు చివర ఇంకో ఫొటోగ్రాఫర్ ట్రిగ్గర్ కూడా నా చానల్‌లోనే ఉంది. చానల్ మార్చగానే దయ్యం వదిలింది.

ట్రిగ్గర్ లేకపోతే ఫ్లాష్‌లోని ఆప్టికల్ స్లేవ్ వాడొచ్చు. ఇంకో మెరుపు కంటపడగానే అదీ మెరుస్తుంది. చాలా ఫ్లాష్‌లలో ఎస్1 మామూలు మెరుపుకి, ఎస్2 టీటీఎల్ ముందస్తు మెరుపుని వదిలేసి అసలు మెరుపుకి. గదిలో బాగానే పనిచేస్తుంది, ఎండలో దాని కళ్లు మూతపడతాయి.

ఇప్పుడు అమర్చండి. అంబ్రెల్లాని వెలుగు దానిలోంచి దూసుకొచ్చేలా, ఉబ్బెత్తు వైపు మనిషి ముఖానికి ఉండేలా తిప్పండి. కెమెరా నుంచి చూస్తే మనిషికి 45 డిగ్రీలు పక్కగా, కళ్ల కన్నా కాస్త ఎత్తులో, కిందికి వంచి పెట్టండి. దూరం ఒక మీటరు, మహా అయితే ఒకటిన్నర. ఫ్లాష్ జూమ్‌ని 24 ఎంఎంకో 35 ఎంఎంకో తగ్గిస్తే బట్ట నిండా వెలుగు పరుచుకుంటుంది. పవర్ 1/16 పెట్టి, అదే 1/200, ఎఫ్ 5.6, ఐఎస్‌ఓ 400తో తీయండి.

తెర మీద ముక్కు నీడ దగ్గర జూమ్ చేసి చూడండి. ముక్కు పక్కన మొదలై పెదవి మూల వైపు వాలుగా జారే చిన్న నీడ ఉంటుంది. దాని అంచు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించలేనంత మెత్తగా కరిగిపోవాలి. ఆ తర్వాత కంటిపాప చూడండి. గడియారంలో పదింటి దగ్గరో రెండింటి దగ్గరో తెల్లటి అంబ్రెల్లా ప్రతిబింబం ఉండాలి. లేదంటే స్టాండ్ మరీ ఎత్తులో ఉంది, దించండి. ఇప్పుడు స్టాండ్‌ని మూడు మీటర్ల వెనక్కి లాగి, పవర్ పెంచి, మళ్లీ తీయండి. అదే అంబ్రెల్లా, అదే మనిషి. కానీ ముక్కు నీడ అంచు గీత గీసినట్టయింది. దూరం పోయేకొద్దీ ముఖానికి అంబ్రెల్లా చిన్నదిగా కనిపిస్తుంది. మెత్తటి వెలుగు కావాలంటే, ఫ్రేములో కనిపించనంత వరకూ దగ్గరికి తోయండి.

దూరం ఇంకో పని కూడా చేస్తుంది. ఫ్లాష్ దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. దీపం మనిషికి ఒక మీటరులో, గోడకి నాలుగు మీటర్లలో ఉంటే గోడ మీద పడేది పదహారో వంతే, గోడ నల్లబడుతుంది. దీపం మనిషికి మూడు మీటర్లు, గోడకి ఆరు మీటర్లు ఉంటే గోడకి నాలుగో వంతు అందుతుంది, గోడ కనిపిస్తుంది. వెనకాల ఉన్న చెత్తంతా సర్దే ఓపిక లేనప్పుడు దీపాన్నీ మనిషినీ కలిపి గోడకి దూరంగా లాగేయడమే నా పద్ధతి.

నీడ వైపు చెంప మరీ నల్లగా ఉంటే రెండో ఫ్లాష్ కోసం పరిగెత్తకండి. ఆ వైపు ఫ్రేముకి బయట తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. దగ్గరికి జరిపితే నీడ తేలికవుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. నీడ ఇంకా చిక్కగా కావాలంటే తెల్ల షీటు బదులు నల్ల గుడ్డ పెట్టండి.

కళ్లజోడు ఉన్నవాళ్ల దగ్గర అద్దాల్లో అంబ్రెల్లా తెల్లగా మెరిసి కళ్లని కప్పేస్తుంది. వెలుగు ఏ కోణంలో అద్దానికి తగిలిందో అదే కోణంలో తిరిగొస్తుంది కాబట్టి, స్టాండ్‌ని ఒక అడుగు పైకెత్తండి, లేదా ఇంకాస్త పక్కకి జరపండి. గడ్డం కొద్దిగా దించమన్నా చాలాసార్లు సరిపోతుంది.

తర్వాత ఏం కొనాలి

సామాను పిచ్చి పట్టే చోటు ఇది, కాబట్టి నా వరస చెబుతాను. అంబ్రెల్లా తర్వాత జెల్స్, అంటే ఫ్లాష్ తలకి అతికించే రంగు ప్లాస్టిక్ ముక్కలు. ఫ్లాష్ రంగు పగటి వెలుగుకి దగ్గరగా, దాదాపు 5500 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) ఉంటుంది. పాత రకం పసుపు బల్బు 3000 కెల్విన్ ప్రాంతంలో ఉంటుంది. రెండూ కలిస్తే ముఖం నీలంగానో, వెనక గది నారింజగానో వస్తుంది. సీటీఓ అనే నారింజ జెల్ ముక్కని ఫ్లాష్‌కి అతికించి, కెమెరా వైట్ బ్యాలెన్స్‌ని టంగ్‌స్టన్‌లో పెడితే రెండు వెలుగులూ ఒకటవుతాయి. ఫుల్ సీటీఓ కాస్త వెలుగు తింటుంది, పవర్ ఒక మెట్టు దాకా పెంచుకోండి.

ఆ తర్వాత గ్రిడ్. తేనెపట్టు లాంటి ఆ జాలీని తలకి తగిలిస్తే వెలుగు చెదరకుండా ఒక గుండ్రటి చోటే పడుతుంది. వెనక నుంచి జుట్టు అంచు మీద వెలుగు గీత తేవడానికి బాగుంటుంది. వెలుగుని సన్నగా పంపే గొట్టం, అంటే స్నూట్, కొనక్కర్లేదు, నల్ల చార్ట్ చుట్టి టేపు వేస్తే అదే స్నూట్. సాఫ్ట్‌బాక్స్ (ముందు తెల్ల గుడ్డ ఉన్న డబ్బా) వెలుగుని అంబ్రెల్లా కన్నా అదుపులో ఉంచుతుంది, గదంతా చల్లదు. కానీ విప్పి బిగించడానికి ఓపిక కావాలి.

ఇసుక సంచి మాత్రం వీటన్నిటికన్నా ముందు. ఆరుబయట అంబ్రెల్లా అంటే తెరచాపే. ఒక సాయంత్రం మేడ మీద ఫొటోలు తీస్తూ "గాలి లేదు కదా" అని సంచి తేలేదు. ఒక్క విసురుకి స్టాండ్ మొత్తం వాలిపోయి ఫ్లాష్ పాదం విరిగింది. అప్పటి నుంచి సంచి లేకపోతే నా బ్యాగునైనా స్టాండ్‌కి వేలాడదీస్తాను, లేదంటే ఒక మనిషిని పట్టుకోమని నిలబెడతాను.

ఎండలో

నడి ఎండలో ఐఎస్‌ఓ 100, 1/200 దగ్గర ఎఫ్ 11 నుంచి ఎఫ్ 16 దాకా కావాల్సి వస్తుంది. చిన్న ఫ్లాష్ అంబ్రెల్లా లోంచి అంత వెలుగు ఇవ్వలేదు. మనిషిని నీడలోకి తీసుకురండి. లేదా ఎండకి వీపు తిప్పి నిలబెట్టి, అంబ్రెల్లా తీసేసి, ఫ్లాష్‌ని ముఖానికి మీటరున్నర దూరానికి తెచ్చి, పక్క నుంచి వేయండి. ఆకాశాన్ని ముందు కొలిచి షట్టర్, ఎపర్చర్ ఖాయం చేయండి. తర్వాత ముఖానికి ఎంత కావాలో పవర్‌తో చూసుకోండి. మొదటి అడుగులో గదితో చేసిందే ఇక్కడ సూర్యుడితో చేస్తున్నారు.

ఎఫ్ 2.8లో వెనకంతా మసకబారాలంటే షట్టర్ 1/3200 దాకా పోవాలి, దానికి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ సింక్) కావాలి. అందులో ఫ్లాష్ ఒక్క మెరుపు బదులు చిన్న చిన్న మెరుపుల వరస వేస్తుంది, తెరల మధ్య సందు సెన్సర్ మీద జరుగుతున్నంతసేపూ వెలుగు ఉంటుంది. అందుకు మూల్యం పవరే. కనీసం రెండు మెట్లు పోతుందనుకుని ఫ్లాష్‌ని దగ్గరికి తెచ్చుకోండి.

జాగ్రత్తలు

ఫుల్ పవర్‌లో వరసగా ఇరవై ముప్పై మెరుపులు వేస్తే తల వేడెక్కుతుంది, మంచి ఫ్లాష్ తనే ఆగిపోతుంది. ఆగితే విసుక్కోకండి. 1887లో జర్మనీలో మీతే, గేడికే అనే ఇద్దరు తయారుచేసిన మెగ్నీషియం కలిపిన మెరుపు పొడిని అంటించి ఫొటోలు తీసిన కాలంలో, ఒక్క మెరుపుతో గదంతా పొగ కమ్మేది, చేతులు కాలేవి.

ఎవరి కళ్లకీ, ముఖ్యంగా పసిపిల్లల కళ్లకి, అడుగు దూరం నుంచి సూటిగా వేయకండి. ఫ్లాష్ పాడైతే విప్పకండి. లోపల కరెంటుని నిల్వ చేసే కెపాసిటర్‌లో 300 వోల్టుల ప్రాంతంలో ఉంటుంది, సెల్స్ తీసేశాక కూడా కొంతసేపు నిలిచే ఉంటుంది. పాత ఫిల్మ్ కాలపు ఫ్లాష్ ఏదైనా ఇంట్లో దొరికితే నేరుగా డిజిటల్ కెమెరా మీద పెట్టేయకండి. వాటిలో కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజ్, అంటే మెరిపించేటప్పుడు కెమెరాకి తగిలే వోల్టేజ్, 200 దాటుతుంది, కెమెరా సర్క్యూట్ కాలిపోవచ్చు. కెమెరా ఎంత తట్టుకుంటుందో దాని మాన్యువల్‌లో చూసి, ఫ్లాష్ వోల్టేజ్ కొలిచి అప్పుడు పెట్టండి.

వారం పైగా వాడకపోతే సెల్స్ బయటికి తీసి పెట్టండి, లోపల కారితే స్ప్రింగులు తుప్పు పట్టి పోతాయి. నెలకోసారి సెల్స్ వేసి నాలుగైదు సార్లు ఫుల్ పవర్‌లో మెరిపించండి, వాడకుండా పడుంటే కెపాసిటర్ నీరసిస్తుంది. బ్యాగులో పెట్టేముందు తలని ముందుకి తిప్పి, స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో రెండోసారి చూడండి.